సాంచలు నడుస్తున్నయి

సిరిసిల్లలో జనార్దన్‌కు ఫోన్ చేసి చూడండి, ఒక్క రింగుకే ఎత్తుతాడు. రెండోది మోగనివ్వడు. అన్నంలో చెయ్యి ఉంటే ఎడమచేత్తో జేబులోంచి లాగి చెవికి ఆనించుకుంటాడు. స్నానానికి పోతే ఫోన్‌ను పాల కవరులో చుట్టి బకెట్ పక్కన పెట్టుకుంటాడు. చాయ్ హోటల్ దగ్గరి దోస్తులకు ఇదొక ఆట. ఎదురు బల్ల మీద కూర్చుని, చెయ్యి కిందికి పెట్టి ఆయనకే ఫోన్ కొడతారు. ఆయన ఠక్కున ఎత్తి హలో అంటాడు, వాళ్లు పగలబడి నవ్వుతారు. ఆయన కోపం తెచ్చుకోడు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా ఈ తొందరేమిటని ఎవరైనా అడిగితే, ఎవరికి ఏం అవసరం పడిందో మనకేం తెలుసు అని తేల్చేస్తాడు.

ఆ నవ్వేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఇదే మనిషి ఒకప్పుడు రెండు నెలలకు పైగా, మోగే ఫోన్ పక్కనే చాప మీద కూర్చుని, కన్నబిడ్డ చేసిన ఫోన్ ఎత్తలేదు. బిడ్డ మీద కోపంతో అనుకునేరు, ప్రేమతోనే ఎత్తలేదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఆ ఇంటి వరస తెలిస్తే ఉండదు.

ఇరవై ఏళ్లు దాటిన ముచ్చట ఇది. సెల్‌ఫోన్లు ఇంకా షావుకార్ల జేబుల్లోనే ఉన్న రోజులు. జనార్దన్ ఇంట్లో ముందు గది నిండా నాలుగు సాంచలుండేవి. మరమగ్గాలని పుస్తకాల్లో రాస్తారు, సిరిసిల్లలో ఎవరిని అడిగినా సాంచలే అంటారు. సేటు దగ్గర నూలు చుట్టిన బీములు తెచ్చుకోవడం, గుడ్డ నేసి తిరిగి అప్పజెప్పడం ఆయన పని. భార్య సత్యవ్వ వెనక అర్రలో కూర్చుని బీడీలు చుట్టేది. పొద్దున ఏడింటికి మీట వేస్తే సాయంత్రం ఏడింటికి ఆపేదాకా ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడదు. మొగుడూ పెళ్లాల సంసారం సగం చేతి సైగలతోనే సాగింది. బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్లు, అయిదు వేళ్లూ చూపిస్తే అన్నం. ఏదైనా పెళ్లికి పోతే జనార్దన్ మామూలుగా మాట్లాడినా కొట్లాట మొదలైందనుకుని జనం తిరిగి చూసేవారు.

బిడ్డ తిరుమలను కోరుట్లకు ఇచ్చాక ఇంట్లోకి ఫోన్ వచ్చింది. అల్లుడు సతీశ్‌ది మస్కట్‌లో ఒక ఆఫీసులో క్లీనింగ్ పని. శుక్రవారం సెలవు, ఆ రోజు మధ్యాహ్నం అత్తగారింటికి ఫోన్ చేసేవాడు. అది మోగీ మోగీ ఆగేది. జనార్దన్ ఫోన్‌ను నడిమింట్లో పెట్టి చూశాడు, వంటింట్లో పెట్టి చూశాడు, ఆఖరుకు సత్యవ్వ బీడీల చేట పక్కన పెట్టాడు. ఎక్కడ పెట్టినా సాంచల చప్పుడే గెలిచింది. నాలుగు శుక్రవారాలు చూసి అల్లుడు అలిగాడు. సిరిసిల్లోళ్లకు అల్లుడంటే లెక్కలేదని కోరుట్లలో ఉన్న తల్లి ఎల్లవ్వకు చెప్పుకున్నాడు. ఎల్లవ్వ ఊరుకునే మనిషి కాదు. బస్సెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు ఆ చప్పుడు విన్నది, చెవులు మూసుకున్నది, తన కొడుకుదే తప్పని ఒప్పుకుని చాయ్ తాగి వెళ్లిపోయింది.

ఆ ఏడు సెలవు మీద వచ్చినప్పుడు సతీశ్ ఒక నల్లటి మిషన్ తెచ్చాడు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. వాళ్ల ఆఫీసులో కొత్తది పెట్టుకుని పాతది పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. మనుషులు పలకనప్పుడు ఫోన్‌కు జవాబు చెప్పే మిషన్ అన్నాడు. నాలుగు రింగులదాకా ఆగుతుంది. ఎవరూ ఎత్తకపోతే తానే ఎత్తి, మనం ముందే చెప్పిపెట్టిన మాట అవతలివాళ్లకు వినిపిస్తుంది. ఆ తరువాత పీప్ అంటుంది. అప్పుడు వాళ్లు చెప్పేది ఒక చిన్న క్యాసెట్‌లోకి ఎక్కుతుంది, చెబుతున్నప్పుడే ఇంట్లో బయటికి కూడా వినబడుతుంది. మధ్యలో మనం ఫోన్ ఎత్తితే మిషన్ పక్కకు తప్పుకుంటుంది, మామూలుగా మాట్లాడుకోవచ్చు. జనార్దన్ అంతా విని, ఈ తెలివి మా సేటుకు ఉంటే బాగుండు అన్నాడు.

చెప్పిపెట్టే మాట రికార్డు చేయడానికి ఒక్క నిమిషం సాంచలు ఆపమన్నాడు అల్లుడు. జనార్దన్ ససేమిరా ఆపలేదు. అంత చక్కగా నడుస్తున్న సాంచను డబ్బాతో మాట్లాడటానికి ఆపుతారా అని ఆయన వాదన. నాలుగు సాంచల నడుమ నిలబడి, మిషన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, తన రోజువారీ గొంతుతోనే కేక పెట్టాడు.

"హలో! జనార్దన్ ఇల్లు! సాంచలు నడుస్తున్నయి, ఫోన్ ఇనవడది! పీప్ అన్నంక ముచ్చట చెప్పుండ్రి, పొద్దుగూకినంక ఇంటం!"

మీట మీది వేలు తీయడం మరచిపోయాడు. దాంతో సత్యవ్వ వైపు తిరిగి నాలుగోదాంట్ల పోగు తెగింది, సూడు అని తాను అన్నది కూడా ఎక్కింది. ఇంకోసారి చేద్దామని అల్లుడు ఎంత చెప్పినా వినలేదు. ఉన్నమాటే చెప్పినప్పుడు రెండోసారి ఎందుకన్నాడు. అట్లా ఆ ఇంటికి ఫోన్ చేసినవాళ్లందరికీ ముందు సాంచల మోత, దాని మీద జనార్దన్ కేక, చివర తెగిన పోగు వినబడేవి. ఎల్లవ్వ మొదటిసారి విని కంగారులో తన సంగతి మరచిపోయి, పోగు అతికిందా వదినా అని అడిగి పెట్టేసింది. ఆ తరువాత చాలా రోజులు ఇంటికి వచ్చిన చుట్టాలకు వినిపించడానికే ఆమె సిరిసిల్లకు ఫోన్ కలిపేది.

ఆ మిషన్‌తో ఇంటికి ఒక పద్ధతి ఏర్పడింది. సాయంత్రం సాంచలు ఆగగానే జనార్దన్ చేతులు కడుక్కుని, చాప వేసుకుని, మీట నొక్కేవాడు. ఎర్రలైటు మిణుకుమంటే ఎవరో చేసినట్టు. పగటిపూట మిషన్ జవాబు చెప్పిందంటే సాంచలు నడుస్తున్నాయని అర్థం. పగటిపూట మనిషే ఎత్తాడంటే సాంచలు ఆగాయని అర్థం. ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు, దానంతట అదే అందరికీ తెలిసిపోయింది. ఒకసారి కరెంటు పోయినప్పుడు జనార్దన్ పట్టపగలు ఫోన్ ఎత్తితే తిరుమల గొంతే మారిపోయింది. ఏమైంది బాపూ, ఎందుకు బందయినయి అని అడిగింది. కరెంటు పోయిందని రెండుసార్లు చెప్పాక గానీ నెమ్మదించలేదు.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. తిరుమల పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఎదురింటి తిరుపతి సాంచలు ఆగిపోయాయి. ఆయనదీ జనార్దన్ ఈడే, ఇద్దరూ ఒకే హోటల్‌లో చాయ్ తాగేవారు. మూడు నెలలు ఆ ఇల్లు చప్పుడు చేయలేదు. నాలుగో నెలలో తిరుపతి ప్రాణం తీసుకున్నాడు. బడికి పోతూ వస్తూ ఆ ఇంటి ముందు ఆగి, చప్పుడు వినబడుతుందా అని చెవి పెట్టి చూసిన పిల్ల తిరుమల. పెద్దయినా ఆమె చెవి అక్కడే ఉండిపోయింది.

పెళ్లయిన రెండో ఏడు తిరుమలకు కడుపు నిలిచి అయిదో నెలలో పోయింది. మూడో ఏడు మళ్లీ నిలిచింది. కోరుట్లలో డాక్టరమ్మ చూసి, బీపీ ఎక్కువుంది, మంచం దిగకుండా పడుకోవాలి, ఏ రందీ పెట్టుకోకూడదు అని ఎల్లవ్వకు గట్టిగా చెప్పింది. ఎల్లవ్వ కోడలి మంచం ఫోన్ ఉన్న గదిలోకి మార్పించి, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటోంది.

సరిగ్గా ఆరో నెలలో, కార్తీకంలో, ఇక్కడ సిరిసిల్లలో సేటు బీములు ఇవ్వడం ఆపాడు. నేసిన గుడ్డ గోదాములో కొండలా పడి ఉంది, కొనేవాడు లేడు, కొన్నాళ్లు ఆగండి అన్నాడు. వాడలో సగం ఇళ్లది అదే కథ. జనార్దన్ ఇంట్లో ఒక్కో సాంచ మీది నూలు అయిపోతూ వచ్చింది. ఆఖరుకు నాలుగోది ఒక గురువారం మధ్యాహ్నం ఆగింది. ఆయన మీట కట్టేసి అక్కడే నిలబడ్డాడు. వెనక అర్రలోంచి ఏదో కచకచ వినబడింది. ఏమిటా అని పోయి చూస్తే, సత్యవ్వ బీడీ ఆకు కత్తిరిస్తోంది. ఇరవై ఏళ్లుగా ఆ కత్తెర ఆ ఇంట్లోనే ఉంది, దానికి చప్పుడుందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లాలకు మాటామాటా వచ్చింది. బిడ్డకు ఈ సంగతి తెలియకూడదన్నాడు జనార్దన్. తెలిస్తే తిరుపతే కళ్ల ముందు కనబడతాడు, బీపీ పెరుగుతుంది, ఈ కడుపు కూడా పోతే ఆ పిల్ల తట్టుకోలేదు. తొమ్మిదో నెల పడ్డాక పురుటికి తెచ్చుకునేలోపు బీములు రాకపోతాయా అని ఆయన ఆశ. సత్యవ్వకు ఇది నచ్చలేదు. కడుపుతో ఉన్న పిల్లకు ఊళ్లోవాళ్ల నోట తెలిస్తే ఇంకా ముప్పు కాదా అని అడిగింది.

"బిడ్డకు అబద్ధం చెప్తవానయ్యా?"

"నేనేడ చెప్తున్న? మిషన్ చెప్తది."

సత్యవ్వ ఇక నీ ఇష్టం అని చేట ముందు వేసుకుంది.

మరునాడే ఫోన్ మోగింది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఆ గంట ఎంత గట్టిగా మోగిందంటే జనార్దన్ ఉలిక్కిపడి లేచాడు. చెయ్యి ఫోన్ మీద పడింది కూడా. పడ్డ చెయ్యిని వెనక్కి తీసుకోవడానికి ఆయనకు చాలా బలం కావలసి వచ్చింది. నాలుగు రింగులయ్యాక మిషన్ ఎత్తింది. ఆగిపోయిన నాలుగు సాంచల పక్కన, సాంచలు నడుస్తున్నయి అని ఆయన గొంతే అరిచింది. ఆ తరువాత తిరుమల మాట్లాడింది. బాగున్నానని, అత్తమ్మ అన్నం పళ్లెం నిండా పెట్టి చంపుతోందని చెప్పి పెట్టేసింది. జనార్దన్‌కు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఎవరూ చూడలేదు కాబట్టి రెండూ కానిచ్చాడు.

సాయంత్రాలు ఫోన్ వస్తే సత్యవ్వకు వదిలేసి, చెప్పులేసుకుని బజారుకు పోయేవాడు. నిజానికి ఆ వేళకు సాంచలు ఆపేసి ఉంటారు కాబట్టి ఎత్తి మాట్లాడినా ఎవరికీ అనుమానం రాదు. ఆయన ఒకసారి మాట్లాడాడు కూడా. ఇప్పుడే ఆపిన బిడ్డా అనేసరికి నాలుక మడతబడింది. ఆయన జన్మలో అబద్ధం ఆడనివాడేమీ కాదు, సేటుతో చాలానే ఆడాడు. బిడ్డతో ఆడటం చేతకాలేదు. డబ్బా ఆడితే వినగలడు, తాను ఆడలేడు.

రెండో వారం నుంచి తిరుమల రోజూ పొద్దున సరిగ్గా పదింటికి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు వారానికి రెండుసార్లు చేస్తే గొప్ప. మంచం మీద పొద్దుపోక చేస్తోందనుకున్నాడు జనార్దన్. ప్రతి ఫోన్‌లోనూ తండ్రికి ఏదో ఒక పని పురమాయించేది. అమ్మకు బీడీలే సరిపోతయి, నువ్వే చెయ్యాలె బాపూ అనేది. పసిపిల్లకు పాత ధోతులే మెత్తగా ఉంటాయట, చింపి, మూడు నీళ్లలో ఉతికి, మడిచి పెట్టమన్నది. ఉయ్యాల కట్టే కొక్కెం దూలానికి గట్టిగా ఉందో లేదో చూడమన్నది. వెనక అర్రలో బీడీ ఆకు వాసన పోవాలంటే సున్నం వేయాలన్నది. బాలింత స్నానానికి వాయిలాకు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమన్నది. పసిపిల్లలకు నీళ్లు పోసే నర్సక్క చేతులు ఇంకా ఆడుతున్నాయో లేదో, పోయి చూసి రమ్మన్నది. పొద్దంతా సాంచలు నడిపే మనిషికి ఇన్ని పనులు ఎట్లా చెబుతోందని ఆయనకు ఒక్కసారీ తట్టలేదు. మనిషి రందిలో ఉంటే అంతే, ముక్కు ముందున్నది కనబడదు.

పది అయ్యేసరికి చాప మీద కూర్చునేవాడు. నాలుగు రింగులు లెక్కపెట్టేవాడు. బిడ్డ చెప్పిందంతా వినేవాడు. ఆమె పెట్టేశాక మీట నొక్కి ఇంకోసారి వినేవాడు, తరువాత లేచి చెప్పిన పని మీద పోయేవాడు. కొక్కేనికి తాడు కట్టి తానే వేలాడి చూశాడు. అది గట్టిదే గానీ, రాలిన దుమ్ముతో రెండు రోజులు తుమ్మాడు. ధోతులు ఉతికి ఆరేస్తే, సత్యవ్వ చూసి, ఇన్నేళ్లలో నా చీర ఒక్కటన్నా పిండినవా అని దెప్పింది. నర్సక్క మరీ పెద్దదైపోయింది గానీ, పిల్లను చూస్తే తన చేతులే లేస్తాయని మాటిచ్చింది. ఇవన్నీ బిడ్డకు చెప్పాలని జనార్దన్‌కు నాలుక మీదిదాకా వచ్చేది. ఫోన్ ఎత్తితే గానీ చెప్పలేడు. ఎత్తలేడు.

సత్యవ్వ రోజు మార్చి రోజు చుట్టిన బీడీలు కంపెనీకి అప్పజెప్పడానికి పోయేది. వచ్చేసరికి ఎప్పటికంటే అరగంట ఆలస్యమవుతోంది. ఆ దారిలోనే ఎస్టీడీ బూత్ ఉంది. జనార్దన్ ఆ ఆలస్యాన్ని పట్టించుకోలేదు.

పుష్యమాసంలో ఒక పొద్దున ఆయన ఎవరికీ చెప్పకుండా మానేరు వాగు దిక్కు నడిచాడు. సేటు ఇంటికి ముందురోజే పోయి వచ్చాడు, ఇంకో రెండు నెలలైనా బీముల మాట ఎత్తవద్దన్నాడు సేటు. జనార్దన్ వంతెన మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మనసులో ఏముందో ఆయనకు బాగానే తెలుసు. తిరుపతి ఎందుకు అట్లా చేశాడని పదేళ్లు తిట్టుకున్న మనిషికి, ఆ పొద్దున తిరుపతి మీద కోపం పోయింది. అంతలో వంతెన మీదుగా కోరుట్ల బస్సు పోయింది. అది తొమ్మిదిన్నర బస్సు. పదింటికి బిడ్డ ఫోన్ చేస్తుందని గుర్తొచ్చింది. నిన్న చెప్పిన పని, అటక మీద పాత గిలక్కాయ వెతకడం, ఇంకా కాలేదు. లేచి పంచె దులుపుకుని, చెప్పులు చేతబట్టుకుని పరుగులాంటి నడకతో ఇల్లు చేరాడు. గుమ్మం దాటుతుంటే మూడో రింగు మోగుతోంది. చాప మీద కూలబడ్డాడు. మిషన్ ఎత్తింది. ఆ రోజు తిరుమల ఎన్నడూ లేనిది, రెండుసార్లు అడిగింది, ఇంటున్నవా బాపూ, ఇంటున్నవా అని. సాయంత్రం వింటాడనుకునే మనిషి అట్లా అడగదు. అదీ ఆయనకు తట్టలేదు.

మాఘం వచ్చింది. మార్కండేయ జయంతి నాడు పొద్దున్నుంచీ వాడలో బ్యాండు మోగుతోంది. పద్మశాలీల పండుగ అది, ఆ రోజు ఎంత బీము మీదున్నా సాంచకు మీట వేయరు. నడిచే ఇళ్లూ నడవని ఇళ్లూ ఆ ఒక్కరోజు ఒక్కతీరుగానే ఉంటాయి. సత్యవ్వ కొత్త చీర కట్టుకుని ఊరేగింపుకు పోయింది. జనార్దన్‌ను కూడా రమ్మంది. ఆయన తలస్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, పది కావస్తోందని ఆగిపోయాడు.

ఫోన్ మోగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. డెబ్బై రోజుల అలవాటు. మిషన్ ఎత్తి కేక పెట్టింది. సాంచలు నడుస్తున్నయి, ఫోన్ ఇనవడది. బయట బ్యాండు, లోపల ఆ కేక. అప్పుడు గానీ జనార్దన్‌కు తెలివి రాలేదు. ఇవ్వాళ ఎవరి సాంచా నడవదు. ఇవ్వాళ ఎత్తవలసింది. పీప్ అన్నది.

అవతల తిరుమల నెమ్మదిగా మాట్లాడింది.

"బాపూ, ఇయ్యాల మార్కండేయ జయంతి. ఇయ్యాల సిరిసిల్లల ఎవ్వల సాంచ నడ్వది. బంద్ ఉన్నందుకు ఇయ్యాల ఎవ్వలకు సిగ్గు లేదు. ఇయ్యాల ఫోన్ ఎత్తినా ఏం గాదు బాపూ."

జనార్దన్ చాప మీదే మిషన్ దగ్గరికి జరిగాడు.

"అమ్మ మొదటి వారంలనే చెప్పింది. నేను మంచిగనే ఉన్న. బీపీ మంచిగనే ఉన్నది, డాక్టరమ్మ నిన్ననే చూసింది. నేను రోజు పదింటికి చేసేది ముచ్చటకు గాదు. పదింటికి నువ్వు ఇంట్ల ఉండాల్నని. పని చెప్తె రేపటిదాక అదే చేసుకుంట ఉంటవని."

క్యాసెట్ తిరుగుతున్న సన్నటి చప్పుడు ఆయనకు వినబడుతోంది.

"రేపు ఏం పని చెప్పాల్నో తోస్తలేదు బాపూ. రాత్రంత ఆలోచన చేసిన. చెప్పేటియన్నీ అయిపోయినయి. ఇంక నువ్వే మాట్లాడాలె."

జనార్దన్ ఫోన్ ఎత్తాడు. మిషన్ కుయ్యిమని తప్పుకుంది. హలో అనబోతే రాలేదు. బిడ్డ ఊపిరి వినబడింది, ఆమెకు ఆయనది వినబడింది.

"బందయి డెబ్బై ఒద్దులైంది బిడ్డా" అన్నాడు చివరకు.

"ఎర్కనే బాపూ."

ఆ తరువాత ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు. తెలిసినవి చెప్పాడు. కొక్కెం గట్టిగనే ఉన్నదన్నాడు. తాను వేలాడి చూశానన్నాడు. ధోతులు మూడు నీళ్లు కాదు, నాలుగు నీళ్లలో ఉతికానన్నాడు. సున్నం రెండు చేతులు వేశానని, నర్సక్క ఒప్పుకుందని, వాయిలాకు వాగు ఒడ్డున బోలెడు ఉందని, గిలక్కాయ దొరికింది గానీ పిడి విరిగితే అతికించానని, ఒక్కొక్కటే, వరస తప్పకుండా చెప్పాడు. డెబ్బై రోజులు లోపల పట్టి ఉంచిన ముచ్చట్లు అవి. తిరుమల ప్రతిదానికీ ఆఁ అన్నది. ఎప్పుడో వేలాడి చూసిన కొక్కెం గురించి ఎన్ని నిమిషాలు వేలాడావని అడిగింది. గిలక్కాయ మోగించి వినిపించమన్నది. ఆయన లేచి తెచ్చి ఫోన్ దగ్గర ఆడించాడు. ఊరేగింపు నుంచి వచ్చిన సత్యవ్వ గుమ్మంలో నిలబడి అది చూసి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుండిపోయింది. ఆయన ఆమెను ఒక్క మాటా అనలేదు.

ఫాల్గుణంలో తిరుమలకు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలిద్దరూ క్షేమంగా ఆ సున్నం వేసిన అర్రకే వచ్చారు. నర్సక్క చేతులు నిజంగానే లేచాయి. ఉగాది తరువాత సేటు రెండు సాంచలకు సరిపడా బీములిచ్చాడు, మిగతా రెండూ పాత ఇనుము కింద తూకానికి పోయాయి. మిషన్ చాలా ఏళ్లు అటక మీద ఉండి, ఎప్పుడో పాత సామానువాడి బండెక్కింది.

అవన్నీ తరువాతి సంగతులు. జయంతి మరునాడు సాంచలు ఎప్పటిలాగే ఆగి ఉన్నాయి, వాడలో నడిచే ఇళ్లు మళ్లీ నడుస్తున్నాయి, పండుగ చాటు లేదు. జనార్దన్ తొమ్మిదిన్నరకే మిషన్ తీగ ఊడబీకి, చాప వేసుకుని కూర్చున్నాడు. పదింటికి ఫోన్ మోగింది. రెండో రింగు మోగలేదు.